జ్వరం కాపలా కాసిన కొండలు

ఏడో తరగతి పిల్లలకు సగటు నేర్పుతున్నాం. పుస్తకంలోని క్రికెట్ పరుగుల లెక్కలు అయిపోయాక, వాళ్లకు దగ్గరగా ఉంటుందని ఆయుర్దాయం లెక్క తీసుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు, ఇప్పుడు సుమారు 70 ఏళ్లు అని బల్ల మీద రాశాం. వెనక వరసలో ఒక పిల్లవాడు లేచి, "సార్, మా ముత్తాత ఎనభై దాటి బతికాడంట. అప్పట్లో అందరూ 32కే చనిపోతే ఆయన ఎట్లా బతికాడు?" అని అడిగాడు.

జవాబుగా మా ఇంటి లెక్కే వేసి చూపించాం. మా అవ్వ తల్లికి అవ్వతో కలిపి పుట్టినవాళ్లు ఏడుగురు. ఇద్దరు పురిట్లోనే పోయారు. ఒకరు ఏడాది నిండాక, ఒకరు మూడేళ్లకు చలిజ్వరంతో పోయారు. మిగిలిన ముగ్గురూ 60, 70, 76 ఏళ్లు బతికారు. మన గూడేల్లో పుట్టిన తేదీ రాసుకున్నవాళ్లు లేరు కాబట్టి ఈ వయసులు అంచనాలే అనుకోండి. అన్నీ కూడితే 210. ఏడుతో భాగిస్తే 30. పిల్లలు భాగహారం చేసి తలెత్తారు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లకు చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు, అయినా సగటు ముప్పయ్యే. నలుగురు పసివాళ్లు ఆ సగటును కిందికి లాగేశారు.

ఈ లెక్క ఇక్కడ రాయడానికి కారణం ఉంది. ప్రతి ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం సభల్లో ఎవరో ఒకరు మైకు పట్టుకుని, "మన పూర్వీకులకు రోగాలే లేవు, ఇంగ్లీషు మందులు వచ్చాకే మనకు ఈ రోగాలు" అంటారు. చప్పట్లు కొడతాం. మేము కూడా కొట్టాం. మరో రోజు ఏ అధికారో బడికి వచ్చి, "మందులు రాకపోతే మీ జాతులు మిగిలేవా?" అంటారు. తల ఊపుతాం. రెండు మాటలూ మన చరిత్ర తెలియక అనేవే. ఆ చరిత్రలో మనకు తెలిసినంత మేరకు, మా గోదావరి, శబరి ఒడ్డు సంగతులతో చెప్పుకుందాం.

మా ప్రాంతం గురించి ఒక మాట. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల కోయలం, కొండరెడ్లం. మా మండలాలు ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో మళ్లీ తూర్పు గోదావరి అన్నారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మేము ఎక్కడికీ కదలలేదు, జిల్లాలే మా మీదుగా నడిచి వెళ్లాయి.

మా అవ్వ పొట్ట మీద, ఎడమ డొక్క కింద, వరసగా నాలుగు కాల్చిన మచ్చలు ఉండేవి. చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి ఇవేమిటని అడిగేవాళ్లం. "బల్లకు పెట్టిన చురకలు" అనేది. చలిజ్వరం ఏళ్ల తరబడి తిరగబెడుతుంటే డొక్కలో గట్టిగా బల్ల పెరుగుతుంది. ప్లీహం ఉబ్బడం అని డాక్టర్లు చెప్పేది దాన్నే. కొడవలి కొన ఎర్రగా కాల్చి అక్కడ చురక పెట్టేవారు. నేలవేము ఉడికించి తాగించేవారు. వడ్డె వచ్చి దేవర ఏమి కోరుతోందో చూసేవాడు. నేలవేము జ్వరం వేడిని కొంత తగ్గించేదేమో కానీ చలిజ్వరాన్ని కుదర్చలేదు. కుదర్చగలిగితే ఆ ఏడాది పిల్ల, ఆ మూడేళ్ల పిల్లవాడు బతికేవాళ్లు. రోగాలే లేవన్న మాట విన్నప్పుడల్లా ఆ నాలుగు మచ్చలు గుర్తుకొస్తాయి.

అమ్మవారు పోసిన ఊళ్ల సంగతీ అంతే. ముత్యాలమ్మకు కొలుపులు చేసేవారు, ఊరి పొలిమేర కట్టేసేవారు, కొన్నిసార్లు గూడెమే వదిలి కొత్త చోట ఇళ్లు వేసుకునేవారు. మా నాయన చేతి మీద టీకా వేసిన గుండ్రటి మచ్చ ఉండేది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో వచ్చింది. 1980లో ప్రపంచంలోనే అది లేదని ప్రకటించారు. ముత్యాలమ్మ పండుగ మాత్రం ఆగలేదు, ఆగనవసరమూ లేదు. అయితే ఆ పండుగకు వచ్చే ఆడవాళ్ల ముఖాల మీద ఇప్పుడు గుంటలు లేవు. ఈ విషయంలో మందు మేలు చేసిందా అని అడిగేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

చలిజ్వరం కథ మాత్రం ఇంత సూటిగా లేదు.

మైదానాలవాళ్లు దాన్ని మన్యం జ్వరం అనేవారు. కొండ నీళ్లు పడవని, కొండ గాలి చెడ్డదని భయపడేవారు. ఏజెన్సీకి ఉద్యోగం వేస్తే శిక్ష వేశారనే అనుకునేవారు. ఈ మాట మా చిన్నతనంలో కూడా విన్నాం. 1879లో రంప పితూరీ లేచినప్పుడు దాన్ని అణచడానికి వచ్చిన సైన్యాన్ని మన బాణాలతోపాటు ఈ జ్వరమూ గట్టిగా దెబ్బతీసింది. ఆ సంగతి ఆనాటి తెల్లదొరల రాతల్లోనే ఉంది. కొండలు ఎక్కడం, అడవిలో దారి వెతకడం ఒక ఎత్తు, వానల తర్వాత వచ్చే జ్వరం మరొక ఎత్తు. షావుకార్లు సైతం పంటలు ఇంటికొచ్చే కాలానికి ఎక్కి, అప్పులకు ధాన్యం, చింతపండు కొలుచుకుని, వానలు మొదలయ్యేలోపు దిగిపోయేవారు. ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోవాలంటే ప్రాణానికి తెగించాలి.

మన వాళ్లకూ జ్వరం వచ్చేది. కాకపోతే పసితనంలో దాన్ని తట్టుకుని బతికినవారికి కొంత ఓర్పు వచ్చేది, పెద్దయ్యాక వచ్చినా చంపేది కాదు. బయటినుంచి వచ్చినవాడికి ఆ ఓర్పు లేదు. జ్వరం మన కొండలకు కంచె అయింది. ఆ కంచె కాపలాకు కూలిగా మన పసిపిల్లలను తీసుకుంది.

కంచె అన్నామని అది పూర్తిగా మూసి ఉండేదని అనుకోవద్దు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూములు కొండజాతులవారి చేతుల్లోంచి పోకుండా చట్టం చేయాల్సి వచ్చిందంటే అప్పటికే ఎన్ని పోయాయో ఊహించుకోవచ్చు. రోడ్లూ వస్తున్నాయి. గూడెం తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు మన వాళ్ల చేత బలవంతంగా, సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గంటందొర, మల్లుదొర కదలడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. ఈ రోడ్డు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మందు సంగతి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు కుట్టింది ఎవరినంటే, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, దోమతెరలో పడుకోబెట్టి కుట్టించుకోనిచ్చారు. పది దోమలకు పది అణాలు. బహుమతి చరిత్రలో హుస్సేన్ ఖాన్ పేరు మిగిలింది, అంతకుమించి ఆయన గురించి ఎవరూ రాయలేదు.

క్వినైన్ అంతకు ముందునుంచే ఉంది. దాని పుట్టుక మన వాళ్లు తెలుసుకోవాలి. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లోని ఆదివాసులకు సింకోనా బెరడు గుణం తెలుసు. పదిహేడో శతాబ్దంలో క్రైస్తవ మత గురువుల ద్వారా ఆ బెరడు యూరప్ చేరింది. 1820లో ఫ్రాన్సులో దాని సారం విడదీసి క్వినైన్ అన్నారు. బ్రిటిష్‌వాళ్లు నీలగిరుల్లో, డార్జిలింగ్‌లో తోటలు వేశారు. ఇంగ్లీషు మందు అని మనం వేరుపెట్టేదాని మూలం ఒక కొండ ప్రజల బెరడు. మన అడవుల్లో సర్పగంధ వేరు కూడా అంతే. 1952లో దాని నుంచి రిసర్పిన్ తీసి రక్తపోటుకు వాడారు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఆండీస్ వాళ్ల బెరడు క్వినైన్ అయి, సైన్యాలకు, తోటల యజమానులకు ముందు అందింది. ఆ మందు వేసుకుని వాళ్లు జ్వరాల దేశాల్లోకి లోతుగా వెళ్లగలిగారు. ఆఫ్రికా లోపలికి యూరప్ సైన్యాలు దూరడంలో క్వినైన్ చేసిన సాయం చిన్నది కాదు. మన గూడేలకు మాత్రం అది చాలాకాలం రాలేదు, వచ్చినా దొరగారి గుడారంలో దొరికినంతే.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారింది. అప్పట్లో దేశంలో ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని ప్రభుత్వ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాని పేరు నిర్మూలన కార్యక్రమం అయింది. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడం, జ్వరం ఉన్నవారికి క్లోరోక్విన్ గోళీలు ఇవ్వడం. ఇవే ఆయుధాలు.

మా నాయన అప్పుడు పిల్లవాడు. డీడీటీ వాళ్లు రావడం ఆయన చాలాసార్లు చెప్పాడు. నెత్తిన మూటలు, భుజాన పంపులు, కాళ్లకు బూట్లు లేవు. శబరి దాటి నడిచి వచ్చేవారు. ఇంట్లో కుండలు, గంపలు, కోళ్ల గూళ్లు బయట పెట్టించి గోడలకు తెల్లటి నీళ్లు కొట్టి, తేదీ, ఏవో అక్షరాలు గోడ మీద రాసి వెళ్లేవారు. నాయన చూసిన మొదటి రాత అదే. బడిలో పలక పట్టకముందే ఆ అక్షరాలను బొగ్గుతో గీసేవాడట. అవ్వకు మాత్రం వాసన పడేది కాదు. నెల తిరక్కుండా కొత్తల పండుగ వస్తే ఎర్రమట్టితో గోడలన్నీ అలికేసేది, డీడీటీ మట్టి కిందికి వెళ్లిపోయేది. గిరిజనులు చెప్పినమాట వినరు అని అధికారులు రాసుకున్నది ఇలాంటివాటి గురించే. పండుగకు గోడలు అలుకుతారని వాళ్లను ఎవరూ అడగలేదు, అలకవద్దని అవ్వకు కోయ మాటల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పండుగ తర్వాత రమ్మనేది.

అయినా జ్వరం తగ్గింది. 1965 నాటికి దేశం మొత్తంలో కేసులు లక్షకు దిగాయి. తర్వాత పట్టు సడలింది, దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, 1976లో మళ్లీ 64 లక్షల కేసులు వచ్చాయి. కానీ ఆ మధ్యలో దొరికిన పదిహేను, ఇరవై ఏళ్లు చాలు. కోస్తా జిల్లాలవాళ్లు గోదావరి ఒడ్డు వెంట పొగాకు, మిరప వేయడానికి వచ్చినవారు వచ్చినట్టే స్థిరపడ్డారు. ఇదివరకు వానాకాలం ముందు దిగిపోయేవారు ఇప్పుడు పెళ్లాం పిల్లలతో ఇళ్లు కట్టుకున్నారు. మందు ఒక్కటే వాళ్లను తెచ్చిందని అనడం లేదు. రోడ్లు, మోటార్లు, మిరపకు ధర, మన వాళ్ల అప్పులు అన్నీ కలిశాయి. కానీ జ్వరం ఉన్నంతకాలం ఇవేవీ వాళ్లను ఏడాది పొడవునా ఇక్కడ నిలబెట్టలేకపోయాయి.

కంచె తీసేసినప్పుడు దాని స్థానంలో చట్టం కాపలా ఉండాలి. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. చాలలేదు. 1970లో దాన్ని సవరించి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి ఏ విధంగానూ పోకూడదన్నారు. మనం 1/70 అనేది దాన్నే. అప్పటికే జరగాల్సింది జరిగింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సాగుభూమి దాదాపు సగం గిరిజనేతరుల కింద ఉందని తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీలే రాశాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. నేపాల్ దక్షిణాన తరాయి అడవుల్లో థారూలు ఉంటారు. మలేరియాను తట్టుకుని అక్కడ బతకగలిగింది వాళ్లేనని పేరు. 1950లలో అక్కడ డీడీటీ కొట్టాక కొండల నుంచి జనం దిగివచ్చారు. పట్టాలు లేని థారూలు తమ భూముల్లోనే పాలేర్లయ్యారు. కమైయా అనే ఆ వెట్టిని అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది 2000లో. థారూల పిల్లలు కూడా డీడీటీ వల్ల బతికారు, పెరిగి పెద్దయి వేరేవాళ్ల పొలంలో వెట్టి చేశారు.

మా ఇంట్లో చేను పోయిన తీరు ఇంకా వేరు. అది కూడా మందుతోనే ముడిపడింది. మా తాతకు కడుపులో పుండు వస్తే పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చేర్చారు. ఆపరేషన్ జరిగింది, తాత బతికాడు. ఇంకో పద్నాలుగేళ్లు బతికాడు. ఆ ఖర్చుకు శబరి ఒడ్డున ఉన్న రెండెకరాల మెరక చేను ఒకాయనకు చేతి కాగితం మీద కౌలుకిచ్చారు. 1/70 ఉంది కాబట్టి అమ్మకం అనరు, కౌలు అంటారు. ఆ కౌలు గడువు ఇప్పటికీ తీరలేదు. ఆ పద్నాలుగేళ్లూ తాత ఆ చేను గట్టు మీద నుంచే తునికాకు కోతకు వెళ్లేవాడు. ఆపరేషన్ చేయించి తప్పు చేశామా అని నాయన ఒకసారి అడిగితే తాత, "నేను లేకపోతే నిన్ను బడికి ఎవరు తోలేవాడు?" అన్నాడు. నాయన ఐదో తరగతి చదివాడు కాబట్టి మేము టీచరు ట్రైనింగ్ దాకా వెళ్లాం. ఏది లాభం, ఏది నష్టం అని గీత గీసి లెక్క కట్టడం మా వల్ల కాలేదు.

జ్వరం పోయినా అది మన రక్తంలో ఒక గుర్తు వదిలింది. సికిల్ సెల్ గురించి ఇప్పుడు ప్రతి ఆశ్రమ పాఠశాలలో వింటున్నాం. మన దేశంలో దాన్ని 1952లో నీలగిరి ఆదివాసుల్లో మొదట గుర్తించారు. 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో ఒక సంగతి తేల్చాడు. ఆ గుణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చిన పిల్లలను మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఎర్రకణాలు కొడవలిలా వంగి, ఒళ్లు నొప్పులు, రక్తం తక్కువ, చిన్న వయసులో చావు. అంటే తరతరాల జ్వరానికి మన శరీరాలే ఒక మందు తయారు చేసుకున్నాయి, దాని ధర కూడా పిల్లలతోనే చెల్లించాయి. ఇప్పుడు జ్వరం తగ్గింది, ఆ గుణం పోలేదు.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి లేకుండా చేయాలని, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్ష చేసినవారికి కార్డు ఇస్తారు. గుణం ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం కాబట్టి పెళ్లికి ముందు కార్డులు చూసుకోమంటారు. మన కోయల్లో పెళ్లికి మూడో గట్టా, ఐదో గట్టా అని చూస్తాం. ఇక ముందు గట్టుతోపాటు కార్డు కూడా చూడాలి. పెద్దలకు ఇది వింతగా ఉంది. మాకు మాత్రం వింత లేదు, గట్టు చూసే అలవాటున్నవాళ్లకు కార్డు చూడటం ఎంతసేపు. మా ఇద్దరు పిల్లలకూ పరీక్ష చేయించాం. మా భయం ఆ కార్డు గురించి కాదు. అది చూసి ఆడపిల్లను మాత్రమే వద్దంటారేమోనని, బయటివాళ్లు మనందరినీ జబ్బు రక్తంవాళ్లు అంటారేమోనని.

ఈ భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు. తర్వాత నలుగురు పిల్లలు చనిపోయారని గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణంగా కనిపించడం లేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. ఆ టీకా ప్రపంచమంతా వాడుతున్నారు, క్యాన్సర్‌ను ఆపుతుంది. టీకాను మేము తప్పు పట్టడం లేదు. తప్పు కాగితాల దగ్గర ఉంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అంగీకార పత్రాలు తెప్పించి చూస్తే, రెండు వేలకు పైగా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేసి ఉన్నారు. ఎన్నో వాటి మీద వేలిముద్రలున్నాయి, ఆ వేలి వెనక ఉన్న మనిషికి ఆ ఫారంలో ఏముందో ఎవరు చదివి చెప్పారన్నది లేదు.

ఆ వార్డెన్లు చెడ్డవాళ్లు అనుకోవడం తేలిక. వాళ్లూ మన టీచర్లే, కొందరు మన వాళ్లే. పైనుంచి ఫోను వస్తుంది, సాయంత్రంలోగా ఫారాలు కావాలంటారు, తల్లిదండ్రులు మిరప కోతకు వెళ్లి ఉంటారు. నులిపురుగుల మాత్రలకు, కంటి పరీక్షలకు, ఇంకా గుర్తులేని వాటికి మేమూ అలాగే సంతకాలు చేశాం. పిల్లల మంచికే కదా అనుకున్నాం. మంచే జరిగింది కూడా. హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా ఇచ్చారు, ఎందుకు కుట్టిస్తున్నారో ఆయనకు కొంతైనా చెప్పి ఉంటారు. 112 ఏళ్ల తర్వాత మన పిల్లల తల్లులకు ఆ మాత్రం మాట కూడా దక్కలేదు.

ఇప్పుడు ఎక్కువ కాలం బతకడం గురించి. 2018లో గిరిజన ఆరోగ్యం మీద నిపుణుల కమిటీ నివేదిక ఇచ్చింది. డాక్టర్ అభయ్ బంగ్ దానికి అధ్యక్షుడు. గిరిజనుల ఆయుర్దాయం 63.9 ఏళ్లని, మిగతావారిది 67 అని అందులో రాశారు. జనాభాలో మనం 8.6 శాతం, మలేరియా చావుల్లో మన వాటా సగం. అంటే నూట ఇరవై ఏళ్ల క్రితం మందు ఎవరికి ముందు చేరిందో, జ్వరం చివరికి ఎవరి దగ్గర మిగిలిందో చూడండి. ఇప్పటికీ వానాకాలం వస్తే కొండమీది గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్నారు. 1922లో రోడ్డు వద్దని కాదు, రోడ్డు కోసం మన వెన్ను విరిచారని తిరగబడ్డాం. ఆ రోడ్డే ఇప్పుడు కావాలని కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చుంటున్నాం. దీన్ని చూసి, "వీళ్లకు ఏమి కావాలో వీళ్లకే తెలియదు" అన్నవారున్నారు. అప్పుడూ ఇప్పుడూ అడిగింది ఒకటే. రోడ్డు ఎవరి కోసం వస్తోంది?

మా మేనత్తకు ఇప్పుడు డెబ్బై ఆరో, డెబ్బై ఏడో. ఆమె అత్తవారి ఊరు పోలవరం ముంపులో పోయి, కాలనీకి మార్చారు. కాలనీకి ఆసుపత్రి దగ్గర. బీపీ, షుగర్ గోళీలు ఆశా కార్యకర్త తెచ్చి ఇస్తుంది. పాత ఊళ్లో ఉంటే ఈ వయసు దాకా ఉండేది కాదేమోనని ఆమే అంటుంది. కానీ పొద్దున లేస్తే ఆమె చేయడానికి పని లేదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు లేదు, చీపురు కట్టడానికి కొండ లేదు, మనవరాళ్లకు చూపించి పేరు చెప్పడానికి ఒక్క దుంప లేదు. సామలు, కొర్రలు పోయి రేషన్ బియ్యం వచ్చాయి. షుగర్ ఎక్కడినుంచి వచ్చిందని డాక్టరును అడిగితే బియ్యం తగ్గించమన్నాడట. "తగ్గించి ఏం తినాలి?" అని అడిగింది. ఆయన దగ్గర ఉన్నది మందుల చీటీ ఒక్కటే. ఇందులో ఆయన తప్పు లేదు. ఇన్ని ఏళ్లు ఇచ్చినవాళ్లు ఈ ఏళ్లలో ఏం చేసుకుని బతకాలో ఇవ్వలేదని అత్తను చూసినప్పుడల్లా అనిపిస్తుంది. పోయినసారి వెళ్లినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. తాను చనిపోతే పెద్దల పక్కన రాయి నిలపడానికి ఆ నీళ్లలో చోటెక్కడిదని.

అయినా మా అవ్వ తోబుట్టువుల లెక్క మా కళ్లముందు ఉంది. అత్తకు నలుగురు పిల్లలు, నలుగురూ ఉన్నారు. ఆ పాత కంచె మళ్లీ రావాలా అని ఏ తల్లినైనా అడిగి చూడండి. ఏ తల్లీ తన నలుగురిలో ఇద్దరిని కూలిగా ఇచ్చి కొండను కాపాడుకోదు. కాపాడమని అడగాల్సింది జ్వరాన్ని కాదు, 1/70 చట్టాన్ని, గ్రామసభను, సంతకం పెట్టే ముందు ఆగే మన చేతిని.

ఈ మధ్య మా బడికి సికిల్ సెల్ పరీక్ష ఫారాలు వచ్చాయి. ఈసారి మేము సంతకాలు చేయలేదు. ఆదివారం గూడెం వెళ్లి, చింతచెట్టు కింద కూర్చుని, ఒక్కో లైనూ కోయలో చెప్పాం. చాలామంది విని వేలిముద్ర వేశారు. ఒక తల్లి మాత్రం, "రక్తం చూశాక ఆ చీటీ ఎవరి దగ్గర ఉంటుంది? మా పిల్ల దగ్గరా, సర్కారు దగ్గరా?" అని అడిగింది. మాకు తెలియలేదు. నర్సమ్మను అడిగితే, కనుక్కుని చెప్తానంది. ఆ తల్లి ఫారం మడిచి బొడ్డులో దోపుకుంది. నర్సమ్మ జవాబు తెచ్చాక వేస్తానంది. ఫారం ఇంకా ఆమె దగ్గరే ఉంది, మేము తిరిగి అడగలేదు.